మూడో కుప్ప

బేబీకి అర్థం కాలేదట.

ఈ మాట నీలారేవులో ఎవరి చెవిన పడినా ముందు నవ్వుతారు, ఆ తర్వాత కోపగిస్తారు. చేపల వేలంపాట దగ్గరికి బేబీ వచ్చి, చెంగు నడుమున దోపుకుని నిలబడిందంటే భీమవరం నుంచి వచ్చిన వ్యాపారులు కూడా గొంతు తగ్గించి పాడతారు. అడుగున చిల్లర చేపలు పోసి పైన నాలుగు చందువాలు పేర్చిన గంపని, తడిగోనె తియ్యకుండానే కనిపెట్టి నలుగురిలో కడిగేసే మనిషి ఆమె. అలాంటి మనిషి పేరుకి ఎదురుగా, తుపాను షెల్టరులో, క్రిస్టినా చేతిలోని ట్యాబు మీద ఎర్రగుర్తు పడింది. దాని పక్కన ఇంగ్లీషులో ఉన్న ముక్కకి తెలుగు అదే. అర్థం కాలేదు.

"నేను పెట్టలేదు మేడమ్, అదే పెట్టుకుంది," అంది క్రిస్టినా. ఆమె ఒకప్పుడు ఉషారాణి దగ్గర చదువుకున్న పిల్ల. ఇప్పుడు ఈ పరిశోధనలో ట్యాబు పట్టుకుని జవాబులు ఎక్కించే పని చేస్తోంది. "రెండు గళ్లలో అంకెలు కలిపితే పది రావాలండి. రాకపోతే ముందుకెళ్లదు. మీ పిన్నిగారివి ఎనిమిదే వచ్చేయి."

ఉషారాణి ట్యాబు అందుకుని చూసింది. రాజమహేంద్రవరంలో ఒక డిగ్రీ కాలేజీలో ఆమె అర్థశాస్త్రం చెబుతుంది. పుట్టింది నీలారేవులోనే, బేబీ ఆమె తల్లికి చెల్లెలు. ఎర్రగుర్తు తన పేరుకి పడినట్టే చెవులు వేడెక్కాయి.

ఆట చెప్పుకోడానికి చిన్నదే. ఒక మనిషి ముందు బల్ల మీద పది పంచదార పొట్లాలు పెడతారు. వాటిని తనకీ, పక్కగదిలో ఉన్న మరో మనిషికీ వాటాలు వెయ్యమంటారు. పక్కగదిలో ఎవరున్నారో చెప్పరు. ఆ మనిషి సరేనంటే ఎవరిది వాళ్లు పట్టుకుపోవచ్చు. ఒప్పుకోకపోతే ఇద్దరికీ ఏమీ దక్కదు. మనిషన్నవాడు ఒట్టి స్వార్థపరుడైతే తొమ్మిది ఉంచుకుని ఒకటి విదిలించాలి. అవతలివాడు ఆ ఒక్కటీ కళ్లకద్దుకోవాలి. కానీ ఎక్కడ ఆడించినా జనం అలా చెయ్యడం లేదట. గోదావరి తీరంలో ఏం చేస్తారో చూడ్డానికి బెంగళూరులోని ఒక పెద్ద సంస్థ నుంచి డాక్టర్ రాజేంద్ర వచ్చాడు. వేట నిషేధం రోజులు గనక పడవలన్నీ ఇసుక మీదికి లాగి ఉన్నాయి, ఊళ్లో అందరూ తీరిగ్గా ఉన్నారు. ఆయన మొదట డబ్బుతో ఆడిద్దామన్నాడు. "వద్దండీ, ఏ పార్టీ తరఫున పంచుతున్నారని అడుగుతారు," అని ఉషారాణి చెప్పాక పంచదారకి ఒప్పుకున్నాడు. అయినా పొద్దున వచ్చిన మొదటి ముసలాయన ఆ ప్రశ్న అడగనే అడిగాడు.

ఆట నియమాలు ఇంగ్లీషులో ఉంటే తెలుగు చేసింది ఉషారాణే. పక్కగదిలో కూర్చుని అవతలివాళ్ల సంగతి చూసుకోవడం కూడా ఆమె పనే. అందుకే పొద్దున్నుంచీ బల్ల దగ్గర ఏం జరుగుతోందో ఆమెకి కనిపించలేదు. ఇప్పుడు ట్యాబు మీద వేలితో పైకి తోస్తుంటే ఒకటి తర్వాత ఒకటి ఎర్రగుర్తులు వస్తున్నాయి. పడవ నడిపే సరంగు లోవరాజుకీ అర్థం కాలేదు. అతని పడవలో వెళ్లే పోతురాజుకీ అర్థం కాలేదు.

"అందరూ ఇలాగే చేస్తున్నారా?"

"చాలామంది అంతేనండి. తనకో కుప్ప, అవతలివాళ్లకో కుప్ప పెడుతున్నారు. రెండో మూడో పొట్లాలు బల్ల మీదే వదిలేసి లేచిపోతున్నారు. మర్చిపోయేరండీ అంటే, మర్చిపోలేదులే అంటున్నారు."

రాజేంద్ర వెనకనుంచి వచ్చి చూసి, ఏమంత పట్టించుకోనట్టు నవ్వాడు. మనిషి మంచివాడే. ఎండలో నిలబడి పనిచేస్తాడు, ముసలివాళ్లకి తన కుర్చీ ఇస్తాడు.

"ఏం పర్లేదు మేడమ్. ప్రతి ఊళ్లోనూ కొంతమందికి ఆట అర్థం కాదు. వాళ్లని పక్కన పెట్టి మిగతావాళ్లతో లెక్క కడతాం. పద్ధతే అది."

సాయంత్రం బల్ల మీద మిగిలిన పొట్లాలన్నీ క్రిస్టినా అట్టపెట్టెల్లో సర్దింది. లోవరాజు అటే పోతూ చూసి, అడగకుండానే ఒక పెట్టె భుజానికెత్తుకుని తీసుకెళ్లి రాజేంద్ర కారు డిక్కీలో పెట్టాడు. ఆయన థాంక్స్ చెబితే, "దాందేవుందండీ, ఆయ్," అని చెయ్యి దులుపుకుని వెళ్లిపోయాడు.

*

కారు అమలాపురం దాటి రావులపాలెం వైపు వస్తోంది. కాలవ గట్టు మీద ముంజలమ్మేవాళ్లు బుట్టలు సర్దుకుంటున్నారు. రాజేంద్ర వెనక్కి వాలి, మాట కలపడానికన్నట్టు అడిగాడు.

"మీరింకా ఆర్థిక ఆలోచనల చరిత్ర చెబుతున్నారట గదా మేడమ్. చాలా చోట్ల ఎప్పుడో తీసేశారు."

ఉషారాణి ఈ సంభాషణ కోసమే మూడు వారాలుగా ఎదురుచూస్తోంది. శనివారం కాలేజీలో పాఠ్యప్రణాళిక కమిటీ కూర్చుంటుంది. చరిత్ర పేపరు ఎత్తేసి, ఆ స్థానంలో ఈ ఆటలాంటి ప్రయోగాలతో నడిచే ప్రవర్తనా అర్థశాస్త్రం పెట్టాలన్నది ఎజెండాలో మొదటి అంశం. కమిటీకి బయటి నిపుణుడు రాజేంద్రే. ఆయన సంతకం పెడితే పేపరు పోతుంది. ఆమె ఈ పరిశోధనలో పని చేస్తానని ముందుకొచ్చిందే, ఆయనతో నాలుగు రోజులు కలిసి తిరిగితే ఆ పేపరు విలువేమిటో చెప్పుకునే వీలు చిక్కుతుందని.

"చెబుతున్నానండి. పిల్లలకి ఇష్టమే."

"ఇష్టం సరే. ఉపయోగం?"

ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అనుకుంది ఆమె మనసులో. పైకి మాత్రం తరగతిలో చెప్పినట్టే చెప్పింది. తన పిల్లలకి పేర్లు నోరు తిరగవు, అందుకని పాత అర్థశాస్త్రవేత్తలందరికీ తనే పిలుపులు పెట్టేసింది. ఒకాయన స్కాట్లండ్ పంతులుగారు. అందరూ ఆయన్ని మార్కెట్టు గురించి రాసినవాడిగానే చూస్తారు గానీ, అంతకుముందే మనిషి మనసు గురించి పెద్ద పుస్తకం రాశాడు. ఎదుటివాడి బాధ మనకెలా తగులుతుంది, మన లోపల కూర్చుని మనల్ని గమనించే మూడో మనిషెవరు, చేతిలో ఉన్నది పోతే కలిగే దుఃఖం రావలసింది రాకపోతే కలిగేదానికంటే ఎందుకు పెద్దది, ఇవన్నీ ఆయన ఆనాడే తరచి చూశాడు.

"మీరు ఇప్పుడు ప్రయోగాలు చేసి చెప్పే చాలా సంగతులకి పునాదులు అక్కడున్నాయండి. మధ్యలో లెక్కలవాళ్లొచ్చి మనిషిని కూడికలు తీసివేతలు చేసే మిషన్ని చేసేశారు. వందేళ్లు అలా నడిచింది. ఇప్పుడు మీరొచ్చి, మనిషి మిషన్‌లా లేడే, ఎక్కడో తేడా చేస్తోందే అంటున్నారు. తేడా మిషన్‌లోనే ఉందేమో గదండీ, మనిషిలో ఎందుకుంటుంది?"

రాజేంద్ర గట్టిగా నవ్వాడు. మాట నచ్చింది ఆయనకి. "బాగా చెప్పారు. కానీ మేడమ్, ఆ పెద్దలవి ఊహలు. మా దగ్గర ఆధారాలున్నాయి. తాతగారి కుర్చీ బాగుందని ఆఫీసులో వేసుకోలేం గదా."

సిద్ధాంతం కావాలంటే ఆమె చెప్పగలదు, ఆధారం చూపించమంటే ఏం చూపిస్తుంది? కారు బొబ్బర్లంక దాటింది. గోదావరి మీద గాలి చల్లగా తగిలినప్పుడు ఆయనే మళ్లీ అందుకున్నాడు.

"ఒక పని చేద్దాం. మీరు చాలా సాయం చేశారు. పేపరు పూర్తిగా తీసెయ్యకుండా ఇష్టమైనవాళ్లు తీసుకునేట్టు ఉంచమని శనివారం చెబుతాను. కొత్త కోర్సు కూడా మీరే చెప్పండి."

ఉషారాణికి ఆ రాత్రి అన్నం రుచిగా తోచింది.

*

శుక్రవారం పొద్దున షెల్టరు ముందు నిన్నటికంటే పెద్ద గుంపు ఉంది. ఆట సంగతి ఊరంతా తెలిసిపోయింది. రొయ్యల చెరువుల్లో నెలజీతానికి పనిచేసే కుర్రవాళ్లు వచ్చి చకచకా పదినీ రెండు కుప్పలు చేసి వెళ్లిపోతున్నారు. సముద్రం మీదికి వెళ్లేవాళ్లూ, వాళ్ల ఇళ్ల ఆడవాళ్లూ మాత్రం తీరిగ్గా బల్ల దగ్గర నిలబడి, పొట్లాలు ఒక్కొక్కటీ చేత్తో తూచినట్టు పట్టుకుని పెడుతున్నారు. వాళ్లు లేచేసరికి బల్ల మీద కొన్ని మిగిలే ఉంటున్నాయి. క్రిస్టినా ట్యాబు ఎర్రబడుతూనే ఉంది.

పదకొండయ్యేసరికి రాజేంద్రకి జాలేసింది. "పాపం, వాళ్లకి రావలసినవి వదిలేసుకుంటున్నారు. నిన్న మిగిలినవి కూడా తెచ్చి వాళ్లకే ఇచ్చెయ్యండి," అన్నాడు.

క్రిస్టినా రెండు పొట్లాలు పట్టుకెళ్లి, మెట్ల మీద కూర్చుని వల విప్పుకుంటున్న లోవరాజు ముందు పెట్టింది. అతను వాటిని ముట్టుకోలేదు.

"ఏంటమ్మా ఇది?"

"నిన్న మీరు వదిలేసినవండి. తీసుకోండి."

"నేనేం వదల్లేదు. నా వాటా నేను ఇంటికి పట్టుకుపోయేను గదా."

"ఊరికేనండి. సార్ ఇమ్మన్నారు."

లోవరాజు మొహం గంటుపెట్టుకున్నాడు. "ఊరికే తినే అలవాటు మాకు లేదమ్మా. మీది మీరు పట్టుకెళ్లండి." ఆ మాట విని పక్కనున్న నలుగురూ కూడా తలలు అడ్డంగా ఊపారు. ఒకావిడ అప్పటికే చేతికి తీసుకున్న పొట్లాన్ని, కాలినట్టు, తిరిగి పెట్టేసింది.

రాజేంద్ర గుమ్మంలో నిలబడి చూస్తూ, "విచిత్రంగా ఉందే. ఉచితంగా ఇస్తే కోపం! ఇది కూడా నోట్ చేసుకో క్రిస్టినా," అన్నాడు.

ఉషారాణి మాత్రం లోవరాజు అన్న ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. మీది, అన్నాడు. మిగిలింది అనలేదు, ఎక్కువైంది అనలేదు. ఆమె చేతిలో ఉన్న కాగితాలు క్రిస్టినాకి ఇచ్చి, ఎండలో చెప్పులు టకటకలాడించుకుంటూ పిన్ని ఇంటికి నడిచింది.

బేబీ వాకిట్లో వెదురు తడిక మీద ఎండుచేపలు తిరగేస్తోంది. వేట లేని రోజుల్లో అదే ఆమె వ్యాపారం. వేళ్లు ఎంత వేగంగా పోతున్నాయంటే, ఒక్కో చేపా తనంతట తానే బోర్లా పడుకుంటున్నట్టు ఉంది.

"పిన్నీ, నిన్న ఆ పొట్లాలు ఎన్ని తీసుకున్నావు?"

"నాలుగు. పక్కగది మనిషికి నాలుగు."

"మరి రెండు?"

బేబీ తల ఎత్తి, అక్క కూతురు చదివిన చదువంతా ఏమైపోయిందా అన్నట్టు చూసింది.

"పడవకి."

"ఏ పడవకి పిన్నీ? అక్కడ పడవెక్కడుంది?"

"ఓసి నీ తెలివి తెల్లారా! పంచదార ఎవరు తెచ్చేరు? ఆ బెంగుళూరాయన. బల్ల ఎవరు ఏసేరు? ఆయనే. పడవా వలా ఆయనయ్యి, ఎక్కి ఏటాడింది మేం. ఆయన వాటా తియ్యకుండా ఎక్కినోళ్లిద్దరూ ఊడ్చుకుపోతే దాన్ని వాటాలెయ్యడం అంటారా? దోచుకోడం అంటారు."

ఉషారాణి తడిక పక్కనే కూలబడింది. పడవ ఒడ్డెక్కగానే చేపలకి ముందు పడవ వాటా, వల వాటా తీసి, ఆ తర్వాతే మనుషులకి వెయ్యడం ఆమె పుట్టినప్పటినుంచీ చూసిన సంగతే. నియమాలు తెలుగు చేసినప్పుడు నోటికి సహజంగా వచ్చినట్టు వాటాలు వెయ్యండి అని రాసింది. మాటని ఊళ్లోంచి తెచ్చుకుంది గానీ, దానికి కట్టి ఉన్న పడవని అక్కడే వదిలేసి వచ్చింది.

"పంచుకోండి అని రాసి ఉంటే ఏం చేసేదానివి?"

"పంచుకోండంటే ఏవుంది? పెళ్లిలో లడ్లు పంచుకున్నట్టు చెరిసగం పంచుకుందుం. నువ్వు వాటాలెయ్యండని రాయించేవు. వాటా అంటే వాటాయే." బేబీ ఇంకో వరస తిప్పింది. "ఆయనకి తెలీకపోడం ఏంటే? సాయంత్రం కారులో ఏసుకుని ఎల్లేడు గదా. లోవరాజే మోసేడంట. ఎందుకు, తక్కువైందన్నాడా?"

"లేదు పిన్నీ."

"మరి?"

నీకు అర్థం కాలేదని రాసుకున్నాడు పిన్నీ, అని ఎలా చెబుతుంది? లోపల మాత్రం ఏదో పొంగుతోంది. పేరు తెలియనివాడికి సగం ఇవ్వడం దగ్గరే ప్రపంచమంతా ముక్కున వేలేసుకుంటుంటే, తన ఊరివాళ్లు ఇంకొక అడుగు ముందుకేసి, ఆట ఆడించేవాణ్ని కూడా పంపకంలో కలుపుకున్నారు. ఎవరూ చెప్పకుండా, ఒకరినొకరు చూడకుండా, ఇంటింటా అదే చేశారు. తను ఎక్కడ పుట్టిందో ఇవాళే తెలిసినట్టు ఉషారాణికి ఒళ్లు పులకరించింది.

ఇప్పుడే వెళ్లి చెప్పాలని లేచింది. సందు మలుపులో ఫోను మోగింది. ప్రిన్సిపాల్ జ్ఞానప్రకాశం గారు.

"అమ్మా ఉషారాణి గారూ, రాజేంద్ర గారు ఇప్పుడే ఫోను చేసేరండి. మీ పేపరు ఐచ్ఛికంగా ఉంచుదామన్నారు. దేవుడి దయ. రేపటిదాకా ఆయన్ని ఏ విషయంలోనూ కదపకండమ్మా. ముఖ్యంగా ఆయన పరిశోధన మీద మాటొస్తే, పెద్ద సంస్థలవాళ్లు, ఊరుకోరు. అర్థమైంది గదా?"

"అర్థమైందండి," అంది. ఫోను పెట్టేసి, షెల్టరు వైపు నెమ్మదిగా నడిచింది.

ఆ సాయంత్రం కూడా పెట్టెలు డిక్కీలోకి వెళ్లాయి. ఆమె చూస్తూ నిలబడింది. దారి పొడుగునా రాజేంద్ర సరదాగా మాట్లాడుతుంటే ఊ కొడుతూ కూర్చుంది. పద్దెనిమిదేళ్లు చెప్పిన పేపరు. ఒక్కరోజు నోరు మూసుకుంటే బతికి బట్టకడుతుంది. ఎర్రగుర్తులదేముంది, వాటిమీద ఊరి పేరైనా ఉండదు. ఎంత సర్దిచెప్పుకున్నా మనసు ఒప్పుకోవడం లేదు.

*

శనివారం కాలేజీ సమావేశ మందిరంలో కమిటీ సభ్యులు కూర్చున్నారు. టీ, ఉప్పు బిస్కెట్లు వచ్చాయి. జ్ఞానప్రకాశం గారు చిన్న ప్రార్థనలాంటి స్వాగతం చెప్పి, కొత్త కోర్సు ఎలా ఉంటుందో చూపించమని రాజేంద్రని కోరారు. క్రిస్టినా లాప్‌టాప్ కలిపింది. తెర మీద నీలారేవు తుపాను షెల్టరు కనిపించింది.

రాజేంద్ర బాగా మాట్లాడాడు. మనుషులు పుస్తకాల్లో ఉన్నట్టు ఉండరన్నాడు, వాళ్ల దగ్గరికి వెళ్లి చూడాలన్నాడు. సభ్యులు తలలూపారు. ఉషారాణి కూడా ఊపింది. తర్వాత ఒక పట్టిక వచ్చింది. అందులో రెండు నిలువు వరసలు. రొయ్యల చెరువుల కూలీలలో దాదాపు అందరికీ ఆట అర్థమైంది. సముద్రం మీద వేటకి వెళ్లే కుటుంబాల్లో సగానికి పైగా అర్థం కాలేదు.

"ఇది మేం అనుకోని ఫలితం," అన్నాడు రాజేంద్ర. "ఒకే ఊరు, ఒకే భాష. కానీ సంప్రదాయ వృత్తిలో ఉన్నవాళ్లకి చిన్న నియమం కూడా గ్రహించడం కష్టమవుతోంది. నెలజీతం పనిలోకి వచ్చినవాళ్లకి తేలిగ్గా ఉంటోంది. ఇలాంటివి మన విద్యార్థులు తెలుసుకోవాలి."

ఉషారాణి కళ్లముందు పిన్ని వేళ్లు కదిలాయి. ఒక్కరోజు నోరు మూసుకోవడం అనుకుంది గానీ, ఈ పట్టిక రేపు అచ్చవుతుంది, ఎల్లుండి ఇంకెవరో దీన్ని చూపించి పాఠం చెబుతారు. చెప్పేది తనే కావచ్చు.

"ఒక్క మాటండి," అంది లేచి నిలబడి.

జ్ఞానప్రకాశం గారు కళ్లతోనే బతిమాలారు. ఆమె ఆయన వైపు చూడలేదు.

"వాళ్లకి ఆట అర్థమైందండి. మనకే అర్థం కాలేదు."

రాజేంద్ర నవ్వు మొహంతోనే ఉన్నాడు. "ఎలా మేడమ్? పది పొట్లాలిస్తే ఎనిమిదే పంచారు."

"పదీ పంచారండి. నిన్న మా పిన్నిని అడిగి తెలుసుకున్నాను. వాటాలు వెయ్యండి అని మనం రాశాం. మా రేవులో వాటాలంటే ముందు పడవకి తియ్యాలి. తెచ్చినవాడి భాగం తియ్యకుండా ఎక్కినవాళ్లు పంచుకుంటే దొంగతనం కింద లెక్క. చెరువుల్లో పనిచేసే కుర్రాళ్లకి జీతమే గానీ వాటా లేదు. అందుకే వాళ్లు రెండే కుప్పలు పెట్టారు. వేటకెళ్లేవాళ్లు మూడు పెట్టారు."

"మూడోది ఎవరికి?"

"మీకేనండి. పంచదార మీది గదా."

రాజేంద్ర నవ్వు ఆగింది. తెర వైపు చూసి, నెమ్మదిగా, కానీ కొంచెం కటువుగానే అడిగాడు. "ఈ అనువాదం ఎవరు చేశారు?"

"నేనే. ఆ మాట నాదే. తప్పంటారా, నా పేరు మీదే రాసుకోండి. కానీ దాని అర్థం నేను పుట్టించింది కాదు, మా ఊరిది. పంటని పంచేది పోటీ ఒక్కటే కాదు, ఆచారం కూడా అని మా ఇంగ్లీషు పెద్దమనిషి ఒకాయన నూటడెబ్బై ఏళ్ల కిందటే రాసిపెట్టాడు. పోటీని లెక్కలోకి తెచ్చుకున్నంత సులువుగా ఆచారాన్ని తేలేరని కూడా హెచ్చరించాడు. అది నేను ప్రతి ఏడూ జనవరిలో పాఠం చెబుతాను. అయినా నా గుమ్మంలో నాకే కనబడలేదు. ఆధారం కావాలన్నారు గదా సార్, ఇదిగోండి ఆధారం."

"ఇది మీ పిన్నిగారు చెప్పిన మాట. మిగతా అందరూ అదే అనుకున్నారని ఎలా చెప్పగలం?"

ఈ ప్రశ్న న్యాయమైనదే. అప్పుడు లాప్‌టాప్ వెనకనుంచి క్రిస్టినా గొంతు సన్నగా వినిపించింది.

"సార్... నిన్న ఉచితంగా ఇస్తే ఎవ్వరూ తీసుకోలేదండి. మీది మీరు పట్టుకెళ్లండన్నారు. మొన్న సాయంత్రం ఆ సరంగుగారే పెట్టె మోసుకొచ్చి మీ డిక్కీలో పెట్టేరు. రెండు రోజులవీ కార్లోనే ఉన్నాయండి."

లోవరాజు భుజం మీద పెట్టె, తను చెప్పిన థాంక్స్, ఆ మనిషి చెయ్యి దులుపుకుని పోయిన తీరు రాజేంద్రకి గుర్తొచ్చి ఉండాలి. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"వాళ్లు మిమ్మల్ని వదిలిపెట్టకుండా పంచారండి," అంది ఉషారాణి. ఇప్పుడు ఆమె గొంతులో కోపం లేదు. "మీరెవరో తెలీదు. మళ్లీ వస్తారో రారో తెలీదు. అయినా మీ భాగం మీకు తీసిపెట్టారు. మనం వాళ్లనే లెక్కలోంచి తీసేశాం."

జ్ఞానప్రకాశం గారు ఖాళీ టీకప్పు ఎత్తి తాగబోయి, దించేశారు.

రాజేంద్ర లాప్‌టాప్ దగ్గరికి వచ్చి పట్టికని చాలాసేపు చూశాడు. "ఈ పేజీ తీసేస్తాను," అన్నాడు చివరికి.

"తియ్యకండి సార్. మూడో కుప్పకీ ఒక గడి పెట్టండి."

ఆయన ఆమె వైపు చూశాడు. మొదటిసారి పని చేసిపెట్టే మనిషిని చూసినట్టు గాక, సాటి మేష్టారిని చూసినట్టు చూశాడు. తర్వాత ప్రిన్సిపాల్ వైపు తిరిగాడు.

"ఆర్థిక ఆలోచనల చరిత్ర తీసేసే తీర్మానం మీద నేను సంతకం పెట్టలేనండి. ఐచ్ఛికం కూడా వద్దు. ముందు అది చదివాకే పిల్లలు నా కోర్సుకి రావాలి. నేను కూడా చదవకుండానే వచ్చానని ఇవాళ తెలిసింది."

జ్ఞానప్రకాశం గారి మొహంలో ఆశ్చర్యం, దాని వెనకే పట్టలేని సంతోషం కనిపించాయి. "అలా రాద్దాం, అలాగే రాద్దామండి," అని పెన్ను తీసి, మూత తియ్యకుండానే రాయడం మొదలుపెట్టారు. పక్కనున్న సభ్యుడు మూత తీసిచ్చాడు.

*

మధ్యాహ్నం వరండాలోకి వచ్చేసరికి ఉషారాణికి కాళ్లు తేలిగ్గా ఉన్నాయి. గెలిచానన్న సంతోషం ఉంది, కాదని ఎందుకు అనాలి? కానీ అంతకంటే పెద్ద గర్వం ఇంకొకటుంది. దాన్ని ఎవరికైనా చెప్పుకోవాలి. ఆమె పిన్నికి ఫోను చేసింది.

"ఏంటే ఈ వేళప్పుడు? చేపలు ఎత్తుకోవాలి, వానమబ్బేసింది," అంది బేబీ. వెనక తడిక ఈడుస్తున్న చప్పుడు. "ఔను గానీ, నిన్న మొహం అదోలా పెట్టుకుని ఎల్లిపోయేవు. మేం ఏసిన లెక్కలో ఏవైనా తప్పొచ్చిందా?"

"తప్పేం లేదు పిన్నీ. అంతా సరిగ్గానే వేశారు."

"మరి ఆయనేవన్నాడు?"

వరండా చివర రాజేంద్ర కారు డిక్కీ తెరిచి, పెట్టెల వైపు చూస్తూ ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఉషారాణికి నవ్వొచ్చింది.

"ఏమంటాడు? ఆయన వాటా ఆయనకి ఇవాళ ముట్టింది పిన్నీ."